రేస్ బోటు స్పాన్సన్లు, కౌల్ ఇంట్లో చేసుకోవాలంటే: ఫోమ్, ఎపాక్సీ, గ్లాస్ క్లాత్ సంగతులు

గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఆర్సీ (రిమోట్‌తో నడిపే చిన్న) రేస్ బోటు కడుతున్నారు. ఔట్‌రిగ్గర్ రకం, అంటే మధ్యలో మోటారు, బ్యాటరీ పెట్టే సన్నటి టబ్, ముందు వైపు రెండు పక్కలా బూమ్ రాడ్లకు (టబ్‌కు అడ్డంగా వెళ్ళే కడ్డీలకు) బిగించిన స్పాన్సన్లు, అంటే బోటును తేల్చే దిమ్మెలు. ఆ స్పాన్సన్లను థర్మాకోల్‌తో చెక్కి, విజయవాడ ఆటోనగర్‌లో కొన్న ఫైబర్ మ్యాట్, రెసిన్ వేశారు. కాసేపటికే లోపలి థర్మాకోల్ కుంగిపోయి, పైన మ్యాట్ ముడతలు పడి మిగిలింది. "థర్మాకోల్ నాసిరకమా? వేరే ఫోమ్ తేవాలా? మౌల్డ్ (అచ్చు) తీసి చేస్తే నయమా? ఎన్ని పొరలు వెయ్యాలి?" అని అడిగారు. మోటారు మీద కప్పే కౌల్ కూడా సొంతంగా చేసుకోవాలని ఉందట.

మీ థర్మాకోల్‌లో తప్పేమీ లేదు. ఆటోనగర్‌లో మీకు ఇచ్చింది పాలిస్టర్ రెసిన్. బస్సు బాడీలు, తెనాలి వైపు చేసే ఫైబర్ విగ్రహాలు, నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో కనిపించే ఫైబర్ పడవలు, ఇవన్నీ ఎక్కువగా దానితోనే చేస్తారు. అందులో స్టైరీన్ ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్. స్టైరీన్ తగిలితే పాలిస్టైరీన్ కరిగిపోతుంది. ఎంత మంచి రకం తెచ్చినా అంతే. ఎపాక్సీ రెసిన్‌లో స్టైరీన్ ఉండదు కాబట్టి దాన్ని థర్మాకోల్ మీద నేరుగా వేసుకోవచ్చు. ఇదే కారణంతో మామూలు ఫెవిక్విక్, స్ప్రే పెయింట్, కార్లకు పెట్టే పాలిస్టర్ పుట్టీ, థిన్నర్ కలిసిన జిగుర్లు ఏవీ ఆ ఫోమ్‌కు తగలనివ్వకండి. తెల్ల ఫెవికాల్ వాడుకోవచ్చు.

అయితే రెసిన్ మార్చినంత మాత్రాన రేస్ బోటు స్పాన్సన్ రాదు. చేపల పడవకు మందం కావాలి, గుద్దుకున్నా తట్టుకోవాలి. రేస్ బోటుకు ముందు ఆకారం కావాలి. వేగం అందుకున్నాక ఔట్‌రిగ్గర్ ముందు వైపు నీళ్ళ మీద ఆనేది స్పాన్సన్ల అడుగున వెనక చివర కొద్దిపాటి జాగా మీదే. ఆ జాగా చదునుగా ఉండి, దాని వెనక అంచు పదునుగా ఉంటే నీళ్ళు తెగి విడిపోతాయి. అంచు గుండ్రంగా ఉంటే నీళ్ళు ఆ వంపును అంటుకుని పైకి పాకి బోటును కిందికి లాగుతాయి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. శ్రమ ముప్పావు వంతు ఫోమ్ దగ్గరే పెట్టండి. ఫోమ్‌లో ఉన్న వంకర ఫైబర్ వేశాక కూడా అలాగే ఉంటుంది. దాన్ని పైన పుట్టీతో సరిచెయ్యాలని చూస్తే బరువు పెరుగుతుంది, వంకర మాత్రం పూర్తిగా పోదు.

ఫోమ్ విషయానికి వస్తే, మన దగ్గర మూడు రకాలు తేలిగ్గా దొరుకుతాయి. గింజలు గింజలుగా కనిపించే తెల్లది మామూలు థర్మాకోల్. గింజ లేకుండా నున్నగా, ఎక్కువగా నీలం లేదా గులాబీ రంగులో వచ్చేది ఎక్స్‌పీఎస్, అదీ పాలిస్టైరీనే. లేత పసుపు రంగులో, గోటితో రుద్దితే పొడి రాలేది పఫ్, అంటే పాలీయూరిథేన్. మీరు గుంటూరులోనే ఉన్నారు కాబట్టి ఒక సౌకర్యం ఉంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు, మిద్దెలకు ఇన్సులేషన్ చేసే కాంట్రాక్టర్ల దగ్గర ఈ షీట్ల తుంపులు మిగులుతాయి. రెండు స్పాన్సన్లకు పూర్తి షీట్ కొనాల్సిన పని లేదు, అడిగి తెచ్చుకోండి. తెచ్చిన ముక్క ఏ రకమో అనుమానం ఉంటే ఒక మూల మీద రెండు చుక్కల అసిటోన్ వేసి చూడండి. పాలిస్టైరీన్ అయితే వెంటనే గుంట పడుతుంది, పఫ్ అయితే చెక్కుచెదరదు.

స్పాన్సన్లకు నా ఓటు ఎక్స్‌పీఎస్‌కే. ఘనపు మీటరుకు 30 నుంచి 35 కిలోలు ఉంటుంది, అంటే లీటరు ఫోమ్ 35 గ్రాములు దాటదు. గింజ లేదు కాబట్టి ఎమరీ పేపర్ పట్టినప్పుడు ఊడిపోదు, నున్నగా వస్తుంది. నీళ్ళు కూడా చాలా తక్కువ పీలుస్తుంది. థర్మాకోల్ ఇంకా తేలిక, కానీ అరగదీసేటప్పుడు గింజలు లేచిపోయి గుంటలు పడతాయి. పఫ్ చెక్కడానికి చాలా బాగుంటుంది, పాలిస్టర్ రెసిన్‌కు కూడా తట్టుకుంటుంది. కానీ పెళుసు. కుదుపులకు పైపొర కింద పొడిపొడి అయిపోయి, స్కిన్ (పైన వేసిన ఫైబర్ పొర) విడిపోతుంది. రేస్ బోటు స్పాన్సన్‌కు కుదుపు తప్పదు కాబట్టి నేను అక్కడ పఫ్ వాడను.

కొయ్యటానికి హాట్ వైర్, అంటే కరెంటుతో వేడెక్కే తీగ, మంచిది. నైక్రోమ్ తీగ, కట్టెతో ఒక విల్లు, కరెంటు ఎక్కువ తక్కువ చేసుకోగలిగే 12 వోల్టుల సప్లై ఉంటే చాలు. మెయిన్స్ కరెంటును నేరుగా తీగకు ఇవ్వడం ప్రాణాంతకం, ఆ ఆలోచనే వద్దు. స్పాన్సన్ పక్క ఆకారాన్ని సన్‌మైకా ముక్క మీద గీసి, కోసి, అంచులు నున్నగా అరగదీసి, అలాంటివి రెండు టెంప్లేట్లు ఫోమ్ దిమ్మకు అటూ ఇటూ పిన్నులతో గుచ్చాలి. రెండిటి మీదా ఒకే చోట ఒకటి, రెండు, మూడు అని గుర్తులు రాసుకుని, ఇద్దరు మనుషులు ఆ అంకెలు చెప్పుకుంటూ తీగను కలిపి లాగాలి. తొందరపడి లాగితే తీగ మధ్యలో వెనకబడి, విల్లులా వంగి, ఫోమ్ మధ్యలో పొట్ట వస్తుంది. తీగ తనంతట తాను కరిగించుకుంటూ పోయే వేగమే సరైన వేగం. బయట గాలి ఆడే చోటే చెయ్యండి. ఇంకో మాట, పఫ్‌ను హాట్ వైర్‌తో ఎప్పుడూ కొయ్యకండి. కాలితే వచ్చే పొగలో సైనైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి. దాన్ని రంపంతోనే కొయ్యాలి.

కోసిన తర్వాత అడుగు భాగాన్ని చేత్తో ఎమరీ పేపర్ పట్టుకుని రుద్దకండి. వేళ్ళ ఒత్తిడికి ఫోమ్ అలలు అలలుగా అరుగుతుంది. గ్రానైట్ షాపులో పాలిష్ చేసిన తుంపు ఒకటి అడిగి తెచ్చుకోండి. స్పాన్సన్ కన్నా పొడుగ్గా ఉండాలి. దాని మీద 120 నంబరు ఎమరీ పేపర్ పూర్తిగా అంటించి, స్పాన్సన్ అడుగును దాని మీద పెట్టి మెల్లగా ముందుకూ వెనక్కూ జరపాలి. మొదట ఫోమ్ మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీతలు గీసుకోండి. గీతలన్నీ ఒకేసారి మాయమైతే అడుగు చదునైనట్టు. మధ్యలో గీత మిగిలితే అక్కడ గుంట ఉంది. వెనక చివర లోపలికి గుంట ఉంటే బోటు ముక్కు కిందికి దిగి నీళ్ళలో పొడుచుకుంటుంది. అదే చోట ఉబ్బు ఉంటే బోటు కప్పగంతులు వేస్తుంది. అర మిల్లీమీటరు తేడా కూడా వేగంలో తెలిసిపోతుంది. ఇదే గ్రానైట్ రాయి తర్వాత బోటు కూర్చడానికీ పనికొస్తుంది, పారెయ్యకండి.

ఫైబర్ వెయ్యకముందే బూమ్ రాడ్లు వెళ్ళే చోట, స్క్రూలు పడే చోట గట్టి దిమ్మెలు పెట్టాలి. ఫోమ్ స్క్రూను పట్టుకోదు, పైన ఉన్న అర మిల్లీమీటరు ఫైబర్ కూడా పట్టుకోదు. 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై ముక్కలు కోసి, ఫోమ్‌లో అంతే గాడి తీసి, ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (సన్నటి బోలు గుళ్ళ పొడి) కలిపిన పేస్టుతో అతికించండి. కొండపల్లి బొమ్మల వాళ్ళు తెల్ల పొణికి ముక్కల్ని రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, దాన్నే చెక్కి రూపు తెస్తారు కదా, ఈ పేస్టు పని అచ్చం అదే. ఫోమ్ ఎంత మెత్తగా అరుగుతుందో దాదాపు అంతే మెత్తగా అరిగేలా పేస్టులో పొడి బాగా ఎక్కువ వెయ్యాలి. పొడి తక్కువైతే పేస్టు రాయిలా గట్టిపడి, చుట్టూ ఉన్న ఫోమ్ అరిగిపోయి అది మాత్రం మిట్టగా మిగులుతుంది.

కుడి స్పాన్సన్ మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. మోడల్ బోటు రేసులు గడియారం ముల్లు తిరిగే దిశలో, కుడి మలుపులతో నడుస్తాయి. టర్న్ ఫిన్, అంటే మలుపులో నీళ్ళను పట్టుకునే రేకు, కుడి స్పాన్సన్‌కే ఉంటుంది. మలుపులో బోటు మొత్తం పక్కకు జారిపోకుండా ఆపే బలమంతా ఆ ఒక్క రేకు మీద, దాన్ని పట్టుకున్న రెండు మూడు స్క్రూల మీద పడుతుంది. అక్కడ ప్లై దిమ్మ స్పాన్సన్ వెనక గోడంతా ఉండాలి, లోపల బూమ్ దిమ్మ దాకా ఇంకో ప్లై ముక్క వెళ్ళి దానికి అతకాలి. బలం ఫోమ్ మీద పడకుండా నేరుగా బూమ్‌కు చేరాలి. ఊడిపోయిన టర్న్ ఫిన్లను చూస్తే చాలావాటిలో దిమ్మ ఒంటరిగా ఫోమ్‌లో కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు రెసిన్. మన మార్కెట్‌లో తేలిగ్గా దొరికే ఎపాక్సీ జతలు లాపాక్స్ ఎల్-12తో కే-6, లేదా అరల్డైట్ ఎల్‌వై 556తో హెచ్‌వై 951. రెండిటికీ తూకం ఒకటే, 100 గ్రాముల రెసిన్‌కు 10 గ్రాముల హార్డెనర్. ఇది బరువు లెక్క. మూతలతో, చుక్కలతో కొలవకూడదు. స్పాన్సన్‌కు మీరు ఒకసారి కలిపేది 30 గ్రాములు అనుకుంటే హార్డెనర్ 3 గ్రాములే. అక్కడ ఒక గ్రాము తేడా వస్తే మూడో వంతు తేడా వచ్చినట్టు. అందుకని బంగారం తూచే రకం చిన్న డిజిటల్ కాటా కొనండి, వంటింటి కాటా సరిపోదు. పాలిస్టర్‌తో పని చేసినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది, తొందరగా గట్టిపడాలంటే హార్డెనర్ కాస్త ఎక్కువ వెయ్యడం. ఎపాక్సీలో అది పనికిరాదు. ఇందులో హార్డెనర్ కూడా రెసిన్‌తో కలిసి గట్టి పదార్థంలో భాగమైపోతుంది. ఎక్కువైనా తక్కువైనా చేసిన వస్తువు ఎప్పటికీ రబ్బరులా మెత్తగానే ఉండిపోతుంది. కప్పు అంచులు, అడుగు గీకుతూ కనీసం రెండు మూడు నిమిషాలు కలపండి.

మీ దగ్గరున్న మ్యాట్‌ను పక్కన పెట్టండి. పొట్టి పోగుల్ని బైండర్‌తో అంటించి చేసే ఆ మ్యాట్‌లో బైండర్ స్టైరీన్‌లో కరిగేలా తయారైంది. ఎపాక్సీలో అది సరిగా కరగదు, మ్యాట్ బిర్రుగా ఉండి మూలల దగ్గర లేచిపోతుంది. దానికన్నా పెద్ద సమస్య బరువు. మీ స్పాన్సన్ 30 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు, 5 ఎత్తు అనుకుందాం. చుట్టూ కలిపి సుమారు 850 చదరపు సెంటీమీటర్లు. 450 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాట్ ఒక పొర 38 గ్రాములు, అది కనీసం రెట్టింపు రెసిన్ తాగుతుంది. పొరకు 115 గ్రాములు. రెండు పొరలు, రెండు స్పాన్సన్లు అంటే 460 గ్రాములు. అదే 160 జీఎస్ఎమ్ నేసిన గ్లాస్ క్లాత్ రెండు పొరలు వేస్తే క్లాత్ 27 గ్రాములు, సమానంగా రెసిన్ 27 గ్రాములు. అడుగుకు అదనంగా ఒక పొర వేసినా స్పాన్సన్‌కు 62 గ్రాములు, రెండిటికీ 125. తేడా 335 గ్రాములు. అంత బరువు మిగిలితే మోటారు, బ్యాటరీ అదే ఉన్నా బోటు నీళ్ళ మీదికి లేచే తీరే మారిపోతుంది. బలం పోగుల్లో ఉంటుంది, రెసిన్ వాటిని పట్టి ఉంచడానికే. పోగుల మధ్య నిండాక మిగిలిన రెసిన్ బరువే తప్ప బలం ఇవ్వదు.

కాబట్టి పొరల లెక్క ఇది. ఒళ్ళంతా 160 జీఎస్ఎమ్ రెండు పొరలు, అడుగున మూడోది, ముక్కు మీద రెండు చిన్న అతుకులు. ముక్కు ఎందుకంటే మన కాలువల్లో, చెరువుల్లో గుర్రపుడెక్క, పుల్లలు, కొబ్బరి మట్టలు తేలుతుంటాయి. మొదటి దెబ్బ స్పాన్సన్ ముక్కుకే. కార్బన్ క్లాత్ గురించి చాలామంది అడుగుతారు. స్పాన్సన్ అడుగున ఒక పొర కార్బన్ బాగానే ఉంటుంది, గట్టితనం వస్తుంది. కానీ టబ్, కౌల్ కార్బన్‌తో చేస్తే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ లోపలికి రాదు. అప్పుడు రిసీవర్ యాంటెన్నా తప్పకుండా బయటికి, నీటి మట్టానికి పైన ఉండేలా తియ్యాలి. గ్లాస్ క్లాత్‌తో ఆ బాధ లేదు.

వేసే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే బరువు చేతిలోంచి జారిపోతుంది. ముందు క్లాత్ అంతా కత్తిరించి పెట్టుకుని కాటాలో తూచండి. అంతే బరువు రెసిన్ కలపండి, మొదటి పొరకు ఫోమ్ పీల్చే దానికోసం కొద్దిగా ఎక్కువ. క్లాత్‌ను నేత పోగులు 45 డిగ్రీల ఏటవాలుగా వచ్చేలా కోస్తే వంపుల మీద, మూలల మీద ముడత లేకుండా కూర్చుంటుంది. మొదట ఫోమ్ మీద కొంచెం రెసిన్ రాసి, క్లాత్ పరిచి, చేత్తో నిమిరి, తర్వాత పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో మధ్య నుంచి అంచులకు లాగండి. తెల్లగా కనిపించే చోట రెసిన్ అందలేదు. గాజులా మెరిసే చోట ఎక్కువైంది. సరిగా ఉన్నప్పుడు క్లాత్ పూర్తిగా పారదర్శకమై కింద ఫోమ్ రంగు కనిపిస్తుంది, పైన మాత్రం నేత గళ్ళు వేలికి తగులుతూ, మెరుపు లేకుండా ఉంటాయి. మెరుస్తున్న చోట టిష్యూ పేపర్ అద్ది తీసెయ్యండి. రెండో పొరను మొదటిది జిగురుగా ఉండగానే వెయ్యాలి, అలా వేస్తే రెండూ ఒకటిగా అతుక్కుంటాయి. రాత్రంతా ఆరనిచ్చి వేస్తే మధ్యలో గరుకు చేసుకోవాల్సి వస్తుంది.

పైన పీల్ ప్లై, అంటే ఆరాక పీకేసే గుడ్డ, వేస్తే చాలా మంచిది. దానికోసం ప్రత్యేకంగా ఆన్‌లైన్‌లో తెప్పించక్కర్లేదు. విజయవాడ వన్‌టౌన్ బట్టల దుకాణాల్లో దొరికే మామూలు నైలాన్ లేదా పాలిస్టర్ లైనింగ్ గుడ్డ పని చేస్తుంది. నీళ్ళు జారిపోయేలా కోటింగ్ ఉన్నది మాత్రం వద్దు. ముందు చిన్న ముక్క మీద వేసి, ఆరాక ఊడి వస్తుందో లేదో చూసుకోండి. తడి ఫైబర్ మీద ఆ గుడ్డ పరిచి కార్డుతో లాగితే మిగులు రెసిన్ గుడ్డలోకి వచ్చేస్తుంది, ఆరాక పీకేస్తే పెయింట్‌కు సిద్ధంగా గరుకు ఉపరితలం వస్తుంది. అడుగు భాగానికి ఇంకో పద్ధతి ఉంది. జెరాక్స్ షాపుల్లో దొరికే పారదర్శక ప్లాస్టిక్ ఓహెచ్‌పీ షీటుకు వ్యాక్స్ పట్టించి గ్రానైట్ రాయి మీద పరిచి, తడిగా ఉన్న స్పాన్సన్ అడుగును దాని మీద ఆనించి పైన ఇసుక సంచి బరువు పెట్టండి. మర్నాడు షీటు లాగితే అద్దంలాంటి చదును. వ్యాక్యూమ్ బ్యాగ్ (సంచిలో పెట్టి గాలి లాగి ఫైబర్‌ను అదిమే పద్ధతి) చెయ్యాలనుకుంటే, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసేవాళ్ళు ఉన్నారు, ఎక్స్‌పీఎస్ ఆ ఒత్తిడికి నిలబడుతుంది. తేలికరకం థర్మాకోల్ మీద పూర్తి వ్యాక్యూమ్ పెడితే నలిగిపోతుంది.

పదునైన అంచు ఎలా అన్నది అందరికీ వచ్చే ఇబ్బంది. గ్లాస్ క్లాత్ పదునైన మూల తిరగదు. తిప్పితే కింద గాలి బుడగ పడుతుంది. అందుకని ఫోమ్ మూలల్ని 3 మిల్లీమీటర్లు గుండ్రం చేసి క్లాత్ తిప్పండి. అది ఆరాక స్పాన్సన్‌ను బోర్లించి, అంచు వెంట పక్క గోడకు బ్రౌన్ టేపు అంటించండి, అడుగు మట్టం కన్నా రెండు మిల్లీమీటర్లు పైకి నిలబడేలా. బ్రౌన్ టేపుకు ఎపాక్సీ అంటుకోదు, కాబట్టి అదొక గోడలా పనిచేస్తుంది. ఆ గోడకూ గుండ్రటి మూలకూ మధ్య సందులో ఎపాక్సీలో సన్నగా నూరిన గ్లాస్ పోగు, సిలికా పొడి కలిపిన పేస్టు నింపండి. ఇక్కడ మైక్రోబెలూన్లు వద్దు, అంచు పెళుసుగా రాలిపోతుంది. గట్టిపడ్డాక టేపు తీసి, రాయి మీద అంటించిన ఎమరీ పేపర్ మీద అడుగును రుద్దితే అంచు కత్తిలా తేలుతుంది. వెనక అంచుకు, లోపలి పక్క అంచుకు ఇది తప్పనిసరి. పైభాగం అంచులు గుండ్రంగా ఉంటేనే గాలికి మంచిది, అక్కడ ఈ శ్రమ అక్కర్లేదు.

మన ఎండల గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే. డబ్బా మీద రాసే సమయాలు 25 డిగ్రీల లెక్క. విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిన మధ్యాహ్నం అదే రెసిన్ మూడో వంతు సమయం కూడా ఇవ్వదు. ప్రతి 10 డిగ్రీలకు వేగం సుమారు రెట్టింపవుతుందని గుర్తుపెట్టుకోండి. పైగా కప్పులో కుప్పగా ఉంచితే తన వేడికి తానే మండి, పొగలు వచ్చి, థర్మాకోల్ కప్పు కరిగి కారిపోతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి పల్చగా పొయ్యండి. తెల్లవారుజామున చల్లగా ఉండగా పని మొదలుపెట్టండి, ఒకేసారి 30, 40 గ్రాములకు మించి కలపకండి. వానాకాలంలో ఇబ్బంది ఇంకో రకం. గాలిలో తేమకు ఈ హార్డెనర్ పైకి తేలి, ఆరిన భాగం మీద మైనంలాంటి జిడ్డు పొర కడుతుంది. దాని మీద పెయింట్ గానీ ఇంకో పొర గానీ నిలవదు. ఎమరీ పేపర్ పడితే ఆ జిడ్డు ఇంకా లోపలికి రుద్దినట్టవుతుంది. ముందు నీళ్ళు, గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఎమరీ పట్టాలి.

పూర్తయిన బోటును కూడా ఎండ వదలదు. గది వేడిలో ఆరిన ఎపాక్సీ, మూసిన కారులో 60, 70 డిగ్రీలకు మెత్తబడుతుంది. అదే వేడికి లోపలి ఫోమ్ ఉబ్బి స్కిన్ బుడగలు లేస్తుంది. స్పాన్సన్లకు తెలుపు, పసుపు లాంటి లేత రంగులు వెయ్యండి. నల్ల రంగు అందంగా ఉంటుంది, మన ఊళ్ళకు మాత్రం సరిపడదు.

కౌల్‌కు పద్ధతి వేరు, అది లోపల బోలుగా ఉండాలి. ఒక్కటే కావాలంటే ఫోమ్‌తో ఆకారం చెక్కి, దాని మీద నేరుగా 160 జీఎస్ఎమ్ ఒకటి, పైన 80 లేదా 100 జీఎస్ఎమ్ ఒకటి వేసి, బాగా ఆరాక లోపలి ఫోమ్‌ను ముందు కత్తితో వీలైనంత తవ్వి, మిగిలినది అసిటోన్‌తో కరిగించండి. కనీసం నాలుగైదు రోజులు ఆగాలి, పూర్తిగా గట్టిపడని ఎపాక్సీని అసిటోన్ మెత్తబరుస్తుంది. అసిటోన్ చటుక్కున అంటుకుంటుంది, పొయ్యి, సిగరెట్, స్విచ్చులు దగ్గర లేని చోట చెయ్యండి. కరిగిన జిగురు ముద్దను కాలువలో పారబొయ్యకండి, ఆరబెట్టి చెత్తలో వెయ్యండి. పెట్రోలు కూడా కరిగిస్తుంది గానీ అది వద్దు. లోపలి వైపు నున్నగా ఉండక్కర్లేదు కాబట్టి ఈ పద్ధతి కౌల్‌కు చక్కగా సరిపోతుంది. అంచు వెంట లోపల 5 మిల్లీమీటర్ల వెడల్పున ఇంకో పట్టీ క్లాత్ వేస్తే కౌల్‌ను టబ్‌కు అంటించిన టేపు పీకినప్పుడల్లా చిరగకుండా ఉంటుంది.

మౌల్డ్ తియ్యాలా అని అడిగారు. మీ విషయంలో వద్దు. కుడి, ఎడమ స్పాన్సన్లు అద్దంలో బొమ్మల్లాంటివి. ఒకదానికి తీసిన మౌల్డ్ రెండోదానికి పనికిరాదు, రెండు మౌల్డులు కావాలి. ఒక్కో మౌల్డ్‌కు నున్నటి ప్లగ్ (అచ్చు తియ్యడానికి చేసే నమూనా), దానికి అయిదారు పూతల వ్యాక్స్, పీవీఏ (అంటుకోకుండా రాసే పొర), జెల్ కోట్ (అచ్చు పైపూత రెసిన్), చేసే వస్తువు కన్నా మూడు రెట్ల మందం కావాలి. క్లబ్బులో నలుగురైదుగురు ఒకే బోటు కట్టుకుంటున్నారంటే ఆ శ్రమకు అర్థం ఉంది. ఒక్క బోటుకు ఫోమ్ మీద నేరుగా వెయ్యడమే మేలు. రెండోసారి స్పాన్సన్ కోణమో వెడల్పో మార్చాలనిపిస్తే కొత్త టెంప్లేట్ కోసుకుంటే సరిపోతుంది.

స్పాన్సన్లను బోటుకు బిగించేటప్పుడు ఆ గ్రానైట్ రాయి మీదే అన్నీ పెట్టి, కింద సమానమైన ముక్కలు పేర్చి, అడుగు కోణాన్ని డిజిటల్ యాంగిల్ గేజ్‌తో చూడండి. సాధారణంగా 2 నుంచి 4 డిగ్రీల మధ్య పెడతారు. ఎంత పెట్టారన్నదానికన్నా రెండు వైపులా ఒకటే ఉండటం ముఖ్యం. అర డిగ్రీ తేడా ఉన్నా ఒక పక్క ఎక్కువ లేచి, బోటు తిన్నగా పోదు. కోణం కుదిరాకే బూమ్ రంధ్రాల్లో ఎపాక్సీ పెట్టండి.

తేలే శక్తి లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. లీటరు ఫోమ్ సుమారు కిలో బరువును తేలుస్తుంది. మీ స్పాన్సన్లు రెండూ కలిపి లీటరుకు పైనే ఉంటాయి. అయితే అవి ముందున్నాయి, మోటారు, బ్యాటరీ బరువు టబ్‌లో ఉంది. టబ్ నిండితే వెనక భాగం మునిగి ముక్కు మాత్రం పైన నిలబడుతుంది. అందుకని టబ్ వెనక మూలల్లో కూడా ఫోమ్ ముక్కలు బిగించండి. మొత్తం బోటు ఎన్ని కిలోలో అన్ని లీటర్ల ఫోమ్ ఉంటే నిశ్చింత. పోసే రకం పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ వాడితే కొంచెం కొంచెంగా పొయ్యాలి, ఒకేసారి పోస్తే ఉబ్బి టబ్ గోడల్ని బయటికి తోసేస్తుంది. బ్యాటరీ బదులు అంతే బరువు రాయి పెట్టి, నీళ్ళ డ్రమ్ములో టబ్ నింపి ముంచి చూడండి. పారే కాలువలో మునిగిన బోటు మళ్ళీ దొరకదు.

గ్లాస్ దుమ్ము, హార్డెనర్ రెండూ ఒంటికి మంచివి కావు. నైట్రైల్ గ్లవ్స్, ఎన్-95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. ఫైబర్ మీద ఎమరీ ఎప్పుడూ నీళ్ళతో తడిపే పట్టండి. చేతికి అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో తుడవకండి, సబ్బుతో కడగండి. ఈ హార్డెనర్‌కు ఒకసారి ఒంట్లో ఎలర్జీ మొదలైతే మళ్ళీ పోదు, తర్వాత ఆ పనే మానుకోవాల్సి వస్తుంది.

మీ దగ్గర మిగిలిన పాలిస్టర్ రెసిన్, మ్యాట్ వృథా కావు. బోటు నిలబెట్టుకునే స్టాండుకో, పఫ్ ముక్కల మీద వేసి మోసుకెళ్ళే పెట్టెకో వాడుకోండి. పాలిస్టర్‌తో వచ్చిన కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసే ద్రవం), హార్డెనర్ సీసాలను మాత్రం ఎప్పుడూ ఒకదానితో ఒకటి నేరుగా కలపకండి, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డెనర్ వెయ్యాలి. రెండు సీసాలూ వేరు వేరు అలమారాల్లో పెట్టండి.